గోదావరిలో చేపలెన్ని? చేపలలో విధములెన్ని?

నదులను గూర్చి మేము ప్రసారము చేసిన ప్రసంగములను విని ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. ఉత్తరము చిన్నదే కాని అందలి ప్రశ్న పెద్దది. తమ ఊరి సంతలో ఏడాది పొడుగునను చేపలు దొరకుచున్నవనియు, తమ తాతగారి కాలమున కంటె నేడే ఎక్కువగా దొరకుచున్నవనియు, అట్టి యెడ నదిలో చేపల జాతులు తగ్గుచున్నవని విచారపడుట ఎందులకనియు వారు అడిగినారు. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. గంపలో చేపలు నిండుట కన్నులకు కనబడును. నదిలో ఒక జాతి లోపించుట ఎవ్వరి కంటను పడదు. కనబడు లాభమును, కనబడని నష్టమును ఒక్క త్రాసున తూచుట ఎట్లు? మనకు చిరపరిచితమైన గోదావరినే ఉదాహరణముగా గైకొని ఈ ప్రశ్నకు సమాధానము చెప్ప ప్రయత్నింతుము.

ముందుగా ఒక లెక్క. భూమి మీది నీటినంతను పదివేల పాళ్లుగా విభజించినచో, నదులలోను సరస్సులలోను ఉన్న మంచినీరు అందులో ఇంచుమించు ఒక్క పాలు. తక్కినదానిలో అధిక భాగము సముద్రజలము. మిగిలినది మంచుగడ్డలుగను భూగర్భజలముగను ఉన్నది. అయినను శాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించిన 35 వేలకు పైబడిన చేపజాతులలో దాదాపు సగము ఈ ఒక్క పాలు నీటిలోనే బ్రతుకుచున్నవి. ఇంత కొలది నీటిలో ఇన్ని జాతులు ఎట్లు పుట్టినవి? సముద్రములన్నియు ఒకదానితో నొకటి కలసియున్నవి. నదులట్లు కావు. ఒక నదిలోని చేప కొండ నెక్కి, మెట్టను దాటి, ప్రక్క నదిలో దిగజాలదు. చేపలకు నది యొక్కొక్కటి యొక ద్వీపము వంటిది. లక్షల ఏండ్లు అట్లు వేరుపడియున్న చేపలు ఆయా నదుల తీరునకు తగినట్లు తమ తీరును మార్చుకొనినవి. మన దేశపు మంచినీటి చేపజాతులు వేయికి అటునిటుగా ఉన్నవి. ఒక్క గోదావరీ పరీవాహక ప్రాంతముననే నూటికి మించిన జాతులున్నవి.

ఒక్క నదిలో నూరు జాతులకు చోటెక్కడిదని సందేహము కలుగవచ్చును. గోదావరి ఒక్క నది కాదు. అనేక స్థలముల కూడిక. నాసిక్ సమీపమున త్ర్యంబకము కడ సహ్యాద్రిలో అది పుట్టుచున్నది. ఆ చోటికి పడమటి సముద్రము సుమారు 80 కిలోమీటర్ల దూరమున మాత్రమే ఉన్నది. అయినను గోదావరి ఆ సముద్రమునకు వీపు త్రిప్పి, తూర్పుగా 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియుచున్నది. దాని పరీవాహక ప్రాంతము 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. ఆ నడకలో కొండవాగు, రాతిబండల నడుమ మడుగు, అడవులలోని ఉపనది, లోతైన కనుమ, ఒండ్రుమట్టి లంక, ఉప్పునీరు తగులు మొగ, ఇన్నియు ఉన్నవి. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క విధమైన కాపురస్థులు కలరు.

కొండవాగులనే మొదట చూతము. అక్కడ నీరు వేగముగా పారును. ఆ వేగమునకు కొట్టుకొనిపోకుండ నిలుచుటయే అచ్చటి చేపలకు ముఖ్యమైన సమస్య. గర్రా యను చిన్న చేపకు పెదవి క్రింద గుండ్రని పట్టు ఒకటి ఉన్నది. దానిని రాతికి అదిమి అది నిలువగలదు. రాతి మీది పాచిని గీకి తినును. గ్లిప్టోథొరాక్సు అను చిన్న జెల్లకు రొమ్ము మీది చర్మము ముడుతలు ముడుతలుగా ఉండును. ఆ ముడుతలే దానికి బండను పట్టుకొను చేతులు. ఈ చేపల నన్నిటిని నిలువనీటి చెరువులో విడిచినచో వాటి పట్టుకు పని లేదు. వాటికి కావలసిన గాలి కలిసిన చల్లని నీరును లేదు.

దక్కను నదులలోని చేపలను మొదట క్రమముగా వర్ణించినవారిలో కర్నల్ సైక్సు ఒకరు. బొంబాయి ప్రభుత్వము కొరకు గణాంకములు సేకరించుచు తిరిగిన ఈ సైనికోద్యోగి 1839లో దక్కను చేపలను గూర్చి ప్రకటించెను. పీఠభూమి నదులలో పెరుగు మహసీరు చేపకు ఆయన పెట్టిన ఖుద్రీ యను పేరు, ఒక జెల్లకు పెట్టిన కుటుర్ని యను పేరు అక్కడి జాలరుల నోటినుండి తీసికొనినవే. ఈ సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో మనకు మరల పని పడును.

కొండలు దిగి పీఠభూమికి వచ్చిన పిదప నది స్వభావము మారును. ఏటి మొత్తమున కురియు వానలో అధిక భాగము నాలుగు నెలలలోనే కురియును. వేసవి నాటికి అనేక చోట్ల ప్రవాహము సన్నగిల్లి మడుగులు మాత్రము మిగులును. ఆ మడుగులలో నీరు వేడెక్కును. నీటిలోని ప్రాణవాయువు తగ్గును. అక్కడ బ్రతుకగల చేపలు పై గాలిని నేరుగా పీల్చుకొను నేర్పు గలవి. మార్పునకు మొప్పల మీద చెట్టుకొమ్మల వంటి అవయవము కలదు. ఇంగిలీకమునకు వీపు పొడుగున గాలితిత్తులు కలవు. కొర్రమీనుకు తలలో గాలిగది కలదు. ఇవి కొంత తడి ఉన్నచో నీరు విడిచియు గంటల తరబడి బ్రతుకును. బిందెలో తెచ్చిన కొర్రమీను మాటిమాటికి పైకి వచ్చి గుటక వేయుట గృహిణు లెల్లరు చూచినదే. అది నీరు త్రాగుట కాదు, ఊపిరి తీసికొనుట. కొర్రమీనునకు సంతానరక్షణ కూడ తెలియును. తల్లిదండ్రులు గుడ్లను, పిల్లలను కనిపెట్టి యుండి, దరిచేరు శత్రువును తరుమును. తెలంగాణ రాష్ట్రము తన రాష్ట్ర మత్స్యముగా కొర్రమీనును ఎన్నుకొనుట ఉచితమే.

ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మున్నగు ఉపనదులు కలిసిన పిదప గోదావరి నిండునది యగును. పాపికొండల నడుమ అది ఇరుకై, లోతై ప్రవహించును. పెద్ద జెల్లలకు, వాలుగలకు అట్టి లోతు నీరు ఇష్టము. తుదకు ధవళేశ్వరము దిగువన నది గౌతమి, వసిష్ఠ మున్నగు పాయలుగా చీలి, ఆటుపోటుల నీటితో కలియును. అక్కడ ఉప్పునకు, మంచినీటికి రెంటికిని ఓర్చుకొను చేపలు కలవు. పండుగప్ప అట్టిది. మొగలలోను మంచినీటిలోను పెరిగి, గుడ్లు పెట్టుటకు ఉప్పునీటికి పోవును. మలుగు ఇంతకంటె వింతయైనది. అది ఏండ్ల తరబడి నదిలో పెరిగి, సంతానము కొరకు దూరసముద్రమునకు పోవును. దాని పిల్లలు మరల నదిని వెదకుకొనుచు వచ్చును.

ఇంతవరకు స్థలభేదమును చెప్పితిమి. ఒకే మడుగులో ఉన్న చేపలకును పొత్తు కుదురుటకు మరియొక ఉపాయమున్నది. అది ఆహారభేదము. దీనిని తెలిసికొనుటకు శాస్త్రగ్రంథములు అక్కరలేదు. వంటయింటి పీట యొద్దనే తెలియును. బొచ్చె నోటిని చూడుడు. క్రింది దవడ ముందుకు వచ్చి, నోరు పైకి తెరచుకొని యుండును. అది నీటి పైపొరలోని సూక్ష్మప్రాణులను తినును. శీలావతి యనియు రాగండి యనియు పిలుచు చేపకు పెదవులు కుచ్చులుగా ఉండి, నోరు కొంచెము క్రిందికి వంగి యుండును. అది నడిమి నీటిలో మేయును. మోసు నోరు అడుగుకు తిరిగి యుండును. అది బురదలోని క్రుళ్లిన పదార్థమును తిని బ్రతుకును. వాలుగకు నోరు కన్నుల వెనుక వరకు చీలి యుండును. అది ఇతర చేపలను మ్రింగును. ఇసుకదొందు అడుగున ఇసుకను అంటిపెట్టుకొని యుండును. బొమ్మిడాయి రాళ్లసందులలోను బురదలోను తన సన్నని ముట్టెతో వెదకుకొనును. చేప నోటిని చూచి దాని బ్రతుకును చెప్పవచ్చును. పది జాతులున్న మడుగులో పై నుండి అడుగు వరకు ఏ ఆహారమును వ్యర్థము కాదు. చెరువులలో బొచ్చె, శీలావతి, మోసులను కలిపి పెంచు నేటి పద్ధతి నది నేర్పిన ఈ పాఠము మీదనే ఆధారపడినది.

ఇక కాలభేదము. గోదావరీ తీరవాసులకు ఎర్రనీరు వచ్చుట యొక పండుగ. మొదటి వరదలో కొండమట్టి కలిసి నీరు ఎర్రబడును. చేపలకు అది ముహూర్తము. బొచ్చె, శీలావతి, మోసు వంటివి వరదనీరు గట్లు పొర్లి పల్లపు నేలలను ముంచినపుడే గుడ్లు పెట్టును. ఒక్కొక్క తల్లి లక్షల గుడ్లు విడుచును. ఇంచుమించు ఒక్కరోజులోనే అవి పిల్లలగును. ఆ పలుచని వెచ్చని నీటిలో వాటికి మేత సమృద్ధిగా దొరకును. పెద్ద చేపల భయము తక్కువ. వరద తీయునపుడు అవి నదికి చేరును. వరద రానిచో, లేక వచ్చియు గట్లు దాటనిచో, ఆ ఏడు పిల్లల సంఖ్య తగ్గును.

ఈ చేపలు చెరువులో ఎంత పెరిగినను అక్కడ సాధారణముగా గుడ్లు పెట్టవు. అందుచేత పూర్వము చేపపిల్లలను వరదకాలమున నదులలో వలలతో పట్టి, కుండలలో నింపి చెరువులకు చేరవేసెడివారు. 1957లో ఒడిస్సాలో హీరాలాల్ చౌధురి, అలికున్హి అను శాస్త్రజ్ఞులు ఒక చేప మెదడు క్రింది పిట్యూటరీ గ్రంథి రసమును మరియొక చేపకు సూదితో ఎక్కించి, వరద లేకయే గుడ్లు పెట్టించిరి. ఆనాటి నుండి చేపపిల్లల ఉత్పత్తికి నది మీద ఆధారపడవలసిన పని తగ్గినది. నేడు ఆంధ్రప్రదేశ్ చేపల ఉత్పత్తిలో దేశమునకే అగ్రస్థానమున ఉన్నది. మన శ్రోత తన ఊరి సంతలో చూచిన సమృద్ధి చాలవరకు ఈ చెరువుల సమృద్ధి. ఇది గొప్ప మేలు; దీనిని తక్కువచేసి మాట్లాడుట మా ఉద్దేశము కాదు. కాని ఆ గంపను ఒకసారి పరిశీలింపుడు. గంప నిండుగనే ఉండును. అందలి జాతులు మూడో, నాలుగో, అయిదో. నదిలో నూరున్నవి.

నదిలోని చేపలకు వచ్చిన కష్టములలో మొదటిది దారి మూసికొనిపోవుట. దీనికి పులస కంటె మంచి నిదర్శనము లేదు. సముద్రములో ఉన్నంతకాలము దానిని ఇలస, వలస అని పిలుతురు. ఎర్రనీరు తగిలిన పిదప అది గుంపులుగా మొగలలో ప్రవేశించి నదికి ఎదురెక్కును. మంచినీటిలో ఈదుచు వచ్చిన కొలది దాని రుచి పెరుగునని తినువారందరు చెప్పుదురు. పుస్తెలమ్మి అయినా పులస తినవలెనను సామెత గోదావరి జిల్లాలలో అందరకు తెలిసినదే. అది ఎదురెక్కుట మన విందు కొరకు కాదు. గుడ్లు పెట్టుట కొరకు. దాని పిల్లలు నదిలో కొన్ని నెలలు పెరిగి సముద్రమునకు దిగిపోవును.

ధవళేశ్వరము కడ సర్ ఆర్థర్ కాటన్ చేపట్టిన ఆనకట్ట 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. కరవులతో అల్లాడిన డెల్టాకు అది ప్రాణము పోసినది. గోదావరి జిల్లాలవారు ఆయనను నేటికిని పూజ్యభావముతో తలచుట న్యాయమే. కాని ఒక్క పని వలన రెండు ఫలములు కలుగవచ్చును. పొలమునకు దారి చూపిన ఆ గోడ చేపకు దారి మూసినది. మన దేశపు చేపలను గూర్చి మహాగ్రంథము రచించిన ఫ్రాన్సిస్ డే 1873లో ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలోనే, ఆనకట్టలు చేపల రాకపోకలకు కలిగించు అడ్డంకిని చర్చించెను. నేడు పులస వేట ముఖ్యముగా ధవళేశ్వరమునకును సముద్రమునకును నడుమ ఉన్న పాయలలోనే జరుగుచున్నది. చేపలు తగ్గిన కొలది వెల పెరిగినది. ఒక్క చేప వేల రూపాయలు పలుకుట వింత కాదు. ఆ వెలను చూచి గుడ్లతో నిండిన తల్లిని వలలో వేయని జాలరి యెవరు? ఆ పూట ఆతని యింట పొయ్యి వెలుగవలెను గదా! తప్పు ఆతనిది మాత్రమే యనుట సులభము, న్యాయము కాదు.

ఇట్టి కథ గోదావరికే పరిమితము కాదు. ఇదే చేప గంగలో ఒకప్పుడు ప్రయాగ వరకు ఎదురెక్కెడిది. 1975లో పశ్చిమ బెంగాలున ఫరక్కా బరాజి పనిచేయ నారంభించిన పిదప ఎగువ గంగలో దాని వేట పడిపోయినది. ఇటీవలి కాలమున బారక్‌పూరులోని కేంద్ర మత్స్య పరిశోధన సంస్థవారు చేపలను పట్టి తెచ్చి బరాజికి ఎగువన విడుచుచున్నారు. దారి మూయుట ఒక్కనాటి పని. తెరచుటకు తరములు పట్టును.

గోదావరి మీద ధవళేశ్వరము తరువాత మరెన్నో కట్టడములు వెలసినవి. మహారాష్ట్రలో పైఠణ్ కడ జాయక్వాడి జలాశయము 1976లో పూర్తియైనది. తెలంగాణలో శ్రీరామసాగరమునకు 1963లో శంకుస్థాపన జరిగినది. పోలవరము కడ 2021లో నదీప్రవాహమును స్పిల్‌వే మార్గమునకు మళ్లించినారు. వీటి ప్రయోజనములు పెద్దవి. వాటిని ఇచ్చట తర్కింపము. చేప వైపు నుండి చూచినచో జరుగునది యేమనగా, పారెడి నీరు నిలువ నీరగును. నిలువ నీరు కొన్ని జాతులకు నచ్చును. జలాశయములలో చేపలవేట మీద అనేక కుటుంబములు బ్రతుకుచున్నవి. కాని రాతిని పట్టుకొని ప్రవాహమున నిలుచు జాతులకు, వరదకు ఎదురెక్కి గుడ్లు పెట్టు జాతులకు అందులో కాపురము లేదు.

రెండవ కష్టము అతిథులు. ఆఫ్రికా ఖండపు తిలాపియా 1952లో మన దేశమునకు తేబడినది. అది ఏడాదిలో పలుమార్లు సంతానము పొందును. పిల్లలను నోటిలో దాచి కాపాడును. అందుచేత ప్రవేశించిన చెరువులను, నదులను త్వరలోనే ఆక్రమించినది. ఆఫ్రికా మార్పు చాటుగా వచ్చినది. అది దొరకిన దానినెల్ల తినును. ప్రభుత్వము దాని పెంపకమును నిషేధించినను అది నదులలోనికి తప్పించుకొనినది. ఇక అద్దాలతొట్లలో పాచిని నాకునని కొని తెచ్చిన దక్షిణ అమెరికా చేప ఒకటున్నది. ఒడలెల్ల ఎముక పలకల కవచము. పెద్దదైన పిదప దానిని జాలిపడి కాలువలో విడుచువారున్నారు. నేడది మన తెలుగునాట నదులలోను చెరువులలోను పెరిగి వలలను చించుచున్నది. తినుటకు పనికిరాదని జాలరులు దానిని గట్టున పారవేయుచున్నారు. ఒక చేప మీది జాలి నూరు చేపలకు ఆపద యగుట ఇట్లు.

మూడవది మనుష్యుని తొందర. దోమతెర వంటి సన్నకన్ను వలలు వేలెడు పిల్లను కూడ విడువవు. మందుగుండు ప్రేల్చి, విషము కలిపి చేపలు పట్టుట 1897 నాటి మత్స్యచట్టము క్రింద నేరము. చట్టము పుట్టి నూట పాతికేండ్లు దాటినను ఆ అలవాటు పూర్తిగా పోలేదు. దీనికి తోడు నది నుండి ఇసుకను మితిమీరి త్రవ్వినచో, ఇసుకలో గుడ్లు పెట్టు జాతులకు, ఇసుకను ఆశ్రయించి బ్రతుకు దొందులకు నెలవు పోవును.

ఇప్పుడు మన శ్రోత ప్రశ్నకు తిరిగి వత్తము. జాతులు తగ్గినచో మనకేమి నష్టము?

మొదటి సమాధానము చెరువు రైతునకు సంబంధించినది. చెరువులలో కొలది తల్లిచేపల సంతతినే మరల మరల వాడినచో పిల్లలలో పెరుగుదల తగ్గును. రోగముల కోర్చు శక్తి సన్నగిల్లును. భువనేశ్వరమున మంచినీటి మత్స్య పరిశోధన సంస్థవారు త్వరగా పెరుగు శీలావతిని తయారుచేయ సంకల్పించినపుడు ఏమి చేసిరి? గంగ, గోమతి, యమున, సట్లెజ్, బ్రహ్మపుత్ర అను అయిదు నదుల చేపలను తెప్పించి, వాటిని చెరువు చేపలతో కలిపి, మేలైన వానిని ఏరుచు పోయిరి. అట్లు పుట్టినదే 1997లో విడుదలయైన జయంతి రోహు. అనగా చెరువునకు విత్తనపు గాదె నదియే. గాదె కాలిపోయిన పిదప పొలమెంత పెద్దదైన నేమి?

రెండవ సమాధానము పేదల పళ్లెమునకు సంబంధించినది. పరిగెలు, పక్కెలు వంటి చిన్న చేపలను ముండ్లతో సహా తిందురు. అందుచేత ఎముకలకు బలమునిచ్చు కాల్షియము వాటి నుండి లభించును. బెంగాలువారు మోలా యని పిలుచు వెండిరంగు చిన్న చేపలో కంటిచూపునకు అవసరమైన ఎ విటమిను హెచ్చుగా ఉన్నట్లు పరిశోధకులు కనుగొనిరి. అది గోదావరిలోను కలదు. పెద్ద చేప ముక్కను కొనలేని యింట ఈ చిన్న చేపలే పిల్లల బలము. చెరువులలో సాధారణముగా వీనిని పనిగట్టుకొని పెంచరు. ఇవి ఏటిలో, కాలువలో, వరిచేలలో తమంత తాము పెరిగి, తమంత తాము పేదవాని బుట్టలో పడవలెను.

మూడవ సమాధానమును మాకు ధవళేశ్వరము గట్టు మీద ఒక వృద్ధ జాలరి ఇచ్చెను. ఒక శ్రావణమాసమున మేము అక్కడ నిలిచి నది నెరుగు చేపల పేర్లు చెప్పుమని ఆతని నడిగితిమి. వల చిక్కు తీయుచునే ఆతడు మొదలిడెను: పులస, వాలుగ, బొచ్చె, రాగండి, మోసు, నల్లగండు, కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలీకము, గొరక, పరిగె, పక్కె, ఇసుకదొందు, బొమ్మిడాయి, మలుగు, పండుగప్ప, జెల్లలలో మరల విధవిధములు. మేము వ్రాసికొనలేకపోతిమి. విశ్వవిద్యాలయమున చదివిన మాకు వానిలో సగము పేర్లు క్రొత్తవి. ఇందులో నేడు వలలో పడునవి ఎన్ని యని అడిగితిమి. ఆతడు వ్రేళ్ల మీద లెక్క పెట్టి, రెండు చేతులు కూడ నిండకముందే ఆపివేసెను. తన మనుమనికి ఈ పేర్లన్నియు తెలియునా యని అడుగగా ఆతడిట్లనెను: “చేపను చూడకుండా పేరేం తెలుస్తుందండి? చేప పోయినాక పేరుతో పనేముందండి?”

పేరుతో పని యున్నది. 1803లో పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణ తీరమున సేకరించిన రెండువందల చేపల బొమ్మలతో ఒక గ్రంథము ప్రకటించెను. చేపల పేర్లను ఆయన అక్కడి జాలరుల నుండి తెలుగులో విని, విన్నట్లే వ్రాసికొనెను. ఆ దారిని మన వాలుగ పేరు లోకమునకు తెలిసినది. 1851లో బ్లీకర్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు ఆ కుదురునకు వల్లాగో యను పేరును స్థిరపరచెను. నేడు ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఆ చేపను గూర్చి వ్రాయునపుడు మన జాలరి పలుకునే వ్రాయుచున్నాడు. సహ్యాద్రిలో ఖుద్రీ, బెంగాలున కట్లా, మృగాల కూడ ఇట్లే శాస్త్రమున కెక్కినవి. మన దేశపు మత్స్యశాస్త్రమునకు మొదటి గురువులు వల పట్టినవారు. ఆ వాలుగను నేడు అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ముప్పునకు లోనైన జాతుల పట్టికలో చేర్చినది. చేపతో పాటు పేరు, పేరుతో పాటు అది ఎక్కడ నుండును, ఎప్పుడు వచ్చును, ఏమి తినునను తెలివి కూడ నశించును. ఆ తెలివి ఏ పుస్తకమునను పూర్తిగా వ్రాయబడలేదు.

చేయదగిన పనులు లేకపోలేదు. గుడ్లు పెట్టు కాలమున వేట నాపుట, ఆ దినములలో జాలరి కుటుంబమునకు బత్తెము చూపుట, సన్నకన్ను వలలను మానిపించుట, కట్టడములలో చేపలకు మెట్లదారులు అమర్చి అవి నిజముగా పనిచేయుచున్నవో లేదో కనిపెట్టుట, కొన్ని మడుగులను ఎవరును ముట్టకుండ విడిచిపెట్టుట, ఇవి ప్రభుత్వములు చేయవలసినవి. గృహస్థులు చేయదగినవి కూడ ఉన్నవి. అద్దాలతొట్టిలోని చేపను ఏటిలో విడువకుడు. గుడ్లున్న పులసనే కావలెనని పట్టుపట్టకుడు. సంతకు పోయినపుడు పిల్లలను వెంటబెట్టుకొని పొండు. గంపలోని ప్రతి చేపకును పేరడుగుడు. ఆ పేరు వారి చేత పలికింపుడు.

మాకు ఉత్తరము వ్రాసిన శ్రోతకు కూడ ఇదే మా విన్నపము. వారి తాతగారి కాలమున కంటె నేడు సంతలో చేపలు ఎక్కువగా ఉన్నమాట నిజము. ఈసారి గంపలోని చేపల నెంచక, చేపల పేర్ల నెంచుడు. తాతగారి నాటి పేర్లు ఇంటిలో పెద్దలకు ఎవరికైన జ్ఞాపకమున్నచో అడిగి వ్రాసికొనుడు. ఆ రెండు పట్టికలను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, రెండవదానిలో ఉండి మొదటిదానిలో లేని పేర్లను మాకు వ్రాసి పంపుడు. శ్రోతలందరు అట్లు పంపినచో, ఎఱ్ఱనీరు మరల వచ్చునాటికి వానిని మేము ప్రసారమున చదివెదము.